నసబ్‌కు సాక్ష్యం: దగ్గరి బంధువుల మధ్య డీఎన్ఏ పరీక్ష పరిమితులు

కొన్నేళ్ళ క్రితం ఒకనాడు అసర్ నమాజు అనంతరం మదర్సా వరండాలో కూర్చుని ఉండగా ఇద్దరు అన్నదమ్ములు నా వద్దకు వచ్చారు. సలాము చేసి, పెద్దవాడు తన సంచిలోనుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఒక ప్రైవేటు ప్రయోగశాల ఇచ్చిన రెండు పుటల నివేదిక ఉంది. "హజ్రత్, మా అన్నగారు చనిపోయి ఎనిమిది నెలలైంది. ఆయనకు ఒకే ఆడపిల్ల. ఆస్తి పంచుకోవాలి. పంపకానికి ముందు ఒక విషయం తేల్చుకుందామని నాకూ, ఆ పిల్లకూ డీఎన్ఏ పరీక్ష చేయించాం. సంబంధం లేదని వచ్చింది. ఇప్పుడు షరీఅత్ ప్రకారం ఆ పిల్లకు వాటా ఉందా, లేదా?" అని అడిగాడు.

నేను నివేదికను చేతిలోకి తీసుకున్నాను. అంకెల పట్టిక నాకు బోధపడలేదు. కానీ చివరి వాక్యం మాత్రం అర్థమయింది. అందులో సంబంధం లేదని వ్రాసి లేదు. అందిన నమూనాల ఆధారంగా పినతండ్రి, అన్న కుమార్తె అనే సంబంధాన్ని నిర్ధారించలేమని మాత్రమే ఉంది. "నిర్ధారించలేము" అనే మాటకూ "లేదు" అనే మాటకూ మధ్య ఒక అనాథ బాలిక వంశమూ, ఆమె తల్లి శీలమూ వేలాడుతున్నాయన్న సంగతిని ఆ సోదరులు గమనించలేదు.

ఆ సాయంత్రం వారికి నేను ఏ సమాధానమూ ఇవ్వలేదు. మా మదర్సాలో చదివి, తరువాత జీవశాస్త్రంలో ఉన్నత విద్య అభ్యసించిన ఒక పూర్వ విద్యార్థిని పిలిపించి, అతని వద్ద శిష్యునిలా కూర్చుని నేర్చుకున్నాను. ఆనాడు తెలుసుకున్నవీ, ఆ తరువాత చదివి గ్రహించినవీ పాఠక సోదర సోదరీమణుల ముందుంచడం నా బాధ్యత అని భావిస్తున్నాను. ఎందుకంటే ఇటువంటి నివేదికలు ఇప్పుడు అనేక ఇళ్ళ గడప తొక్కుతున్నాయి.

పరీక్ష దేనిని చూస్తుంది?

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే పొడవాటి పోగు ఉంటుంది. అందులో సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి సంక్రమిస్తుంది. ఈ పోగులో కొన్ని నిర్ణీత స్థానాలలో ఒక చిన్న అక్షరాల గుంపు వెంటవెంటనే పునరావృతమవుతూ ఉంటుంది. ఒకరిలో అది తొమ్మిదిసార్లు, మరొకరిలో పన్నెండుసార్లు ఉండవచ్చు. ప్రతి స్థానంలోనూ ప్రతి మనిషికి రెండేసి అంకెలుంటాయి. ఒకటి తల్లి ఇచ్చినది, రెండవది తండ్రి ఇచ్చినది. పితృత్వ పరీక్షలో సాధారణంగా ఇటువంటి పదిహేను, ఇరవై లేక అంతకు కొంచెం ఎక్కువ స్థానాలను పరిశీలిస్తారు. అంటే పరీక్ష మన డీఎన్ఏను మొత్తంగా చదవదు. కొన్ని కిటికీలలో నుండి మాత్రమే తొంగి చూస్తుంది.

ఉదాహరణకు ఒక స్థానంలో బిడ్డకు 9, 12 అనే అంకెలున్నాయనీ, తల్లికి 9, 11 ఉన్నాయనీ అనుకుందాం. బిడ్డకు 9 తల్లి నుండి వచ్చింది గనుక 12 తండ్రి నుండి వచ్చి ఉండాలి. తండ్రి అని చెప్పబడుతున్న వ్యక్తిలో 12 ఉన్నదా, లేదా అని చూస్తారు. ఇలా అన్ని స్థానాలలోనూ సరిపోతే అతడు తండ్రి కావచ్చు. అనేక స్థానాలలో సరిపోకపోతే అతడు తండ్రి కాడు. ఒకటి, రెండు స్థానాలలో మాత్రమే తేడా వస్తే వెంటనే తీర్పు చెప్పరు. ఎందుకంటే తండ్రి నుండి బిడ్డకు చేరేటప్పుడు అరుదుగా ఆ అంకె తనంతట తానే ఒకటి పెరగడమో, తగ్గడమో జరుగుతుంది. సొంత తండ్రీబిడ్డల మధ్య కూడా అటువంటి తేడా కనిపించవచ్చు.

బంధుత్వం లేని ఇద్దరు పురుషులలో ఎవరు తండ్రి అని తేల్చవలసి వచ్చినప్పుడు ఈ పరీక్ష ఎంతో బలమైన సాధనం. దాని విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ప్రశ్న ఒకే కుటుంబంలోని దగ్గరి బంధువుల మధ్య తలెత్తినప్పుడు.

మొట్టమొదటి కేసు కూడా బంధువుల చిక్కే

ఈ విద్యకు ఆద్యుడు బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్ జెఫ్రీస్. 1984 సెప్టెంబరులో ఆయన దీనిని కనుగొన్నారు. మరుసటి సంవత్సరమే దానిని ఒక కుటుంబ వివాదంలో ఉపయోగించవలసి వచ్చింది. ఘనా మూలాలున్న ఒక బాలుడు బ్రిటన్‌లో పుట్టి, తండ్రి వద్దకు ఘనా వెళ్ళి, కొంతకాలం తరువాత తల్లినీ తోబుట్టువులనూ చేరుకోవడానికి ఒంటరిగా తిరిగి వచ్చాడు. అధికారులకు సందేహం కలిగింది. ఆ స్త్రీ అతనికి తల్లా, లేక అతడు ఆమె అక్కచెల్లెళ్ళలో ఒకరి కుమారుడా? అప్పటి రక్తపరీక్షలు వారిద్దరూ బంధువులేనని చెప్పగలిగాయి గాని, తల్లి అనో, పినతల్లి అనో తేల్చలేకపోయాయి.

తండ్రి నమూనా అందుబాటులో లేదు. అందువల్ల జెఫ్రీస్ ఆ స్త్రీ నమూనాతోపాటు, ఏ వివాదమూ లేని ఆమె ముగ్గురు పిల్లల నమూనాలు తీసుకున్నారు. ఆ ముగ్గురిలో తల్లి నుండి రానివేవో గుర్తించి, కంటికి కనిపించని తండ్రి గుర్తులను వాటి ద్వారా కూర్చారు. చివరకు ఆ బాలుడు ఆమె కన్నబిడ్డేనని తేలింది. తల్లీబిడ్డలు ఒక్కటయ్యారు.

ఈ ఉదంతంలో గమనించవలసింది ఒకటుంది. "వీరిద్దరికీ బంధుత్వముందా?" అని మాత్రమే అడిగి ఉంటే ఆ బాలునికి న్యాయం జరిగేది కాదు. "తల్లా, పినతల్లా?" అనే ప్రశ్నను ముందుగానే స్పష్టంగా వేసుకుని, దానికి తగినన్ని నమూనాలు సేకరించారు. మన ఊళ్ళలో నివేదికలు తెప్పించుకునేవారు ఎక్కువగా విస్మరించేది ఈ జాగ్రత్తనే.

సోదరుడు, పినతండ్రి, కవలలు

ఒక తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ములలో సగటున సగం జన్యు సంపద ఉమ్మడిగా ఉంటుంది. తండ్రి తన బిడ్డకు ఇచ్చిన ఏ అంకెనైనా తీసుకోండి. అదే అంకె, అదే మూలం నుండి, అతని సోదరునికి కూడా వచ్చి ఉండే అవకాశం సరిగ్గా సగం. కాబట్టి పరాయి పురుషుని విషయంలో ఎన్ని చోట్ల తేడా కనిపిస్తుందో, తండ్రి సోదరుని విషయంలో సగటున అందులో సగం చోట్లనే కనిపిస్తుంది. పరీక్షించిన స్థానాలు తక్కువై, పైగా తల్లి నమూనా కూడా లేకపోతే, ఆ మిగిలిన తేడాలు ఒకటి రెండుకు దిగిపోవచ్చు. అప్పుడు అవి నిజమైన తేడాలా, లేక తండ్రీబిడ్డల మధ్య సహజంగా వచ్చే మార్పులా అని చెప్పడం కష్టమవుతుంది.

మా మదర్సా విద్యార్థులకు దీనిని నేను సనద్ ఉదాహరణతో చెబుతాను. ఒకే గురువు వద్ద చదివిన ఇద్దరు శిష్యులున్నారు. మూడవవాని పుస్తకంలో ఆ గురువు బోధించిన వాక్యమొకటి కనిపించింది. అది ఈ పరంపరకు చెందినదని మనం చెప్పగలం. కానీ ఆ మూడవవాడు ఏ శిష్యుని నోట విన్నాడో ఆ ఒక్క వాక్యాన్ని బట్టి చెప్పలేము.

నివేదికలలో కనిపించే 99.99 శాతం అనే అంకె వెనుక కూడా ఒక ఊహ దాగి ఉంది. పరీక్షకు వచ్చిన వ్యక్తి తండ్రి అయ్యే అవకాశాన్ని, అతనితో ఏ బంధుత్వమూ లేని మరొక పురుషుడు తండ్రి అయ్యే అవకాశంతో పోల్చి ఆ శాతాన్ని లెక్కిస్తారు. వివాదం అన్నదమ్ముల మధ్యనో, తండ్రీకొడుకుల మధ్యనో ఉన్నదని ప్రయోగశాలకు తెలియజేయకపోతే ఆ లెక్క వేరే ప్రశ్నకు సమాధానమవుతుంది.

మగబిడ్డ విషయంలో వై క్రోమోజోమ్ పరీక్ష చేయవచ్చు. అయితే అది తాత నుండి తండ్రికి, తండ్రి నుండి కుమారునికి దాదాపు మార్పు లేకుండా చేరుతుంది. కనుక తండ్రికీ, పినతండ్రికీ, తాతకూ అది ఒక్కటే. వంశం ఒకటేనని చెబుతుంది గాని, తండ్రి ఎవరో వేరుచేసి చెప్పదు. అలాగే తల్లి ద్వారా మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లికీ, పినతల్లికీ, అమ్మమ్మకూ ఒకే విధంగా ఉంటుంది.

ఇక ఒకే పోలిక గల కవలల విషయంలో సాధారణ పరీక్ష చేతులెత్తేస్తుంది. 2019లో బ్రెజిల్‌లోని గోయాస్ రాష్ట్రంలో అటువంటి కవల సోదరులిద్దరి నమూనాలూ ఒక పసిబిడ్డతో సమానంగా సరిపోయాయి. ఎవరికి వారు నోరు విప్పకపోవడంతో, ఇద్దరూ బిడ్డ పోషణ ఖర్చు చెల్లించాలని న్యాయమూర్తి ఆదేశించవలసి వచ్చింది.

అమెరికాలో వెలుగుచూసిన మరొక ఉదంతం ఇంకా ఆశ్చర్యకరమైనది. సంతాన సాఫల్య చికిత్స ద్వారా 2014లో ఒక దంపతులకు పుట్టిన బిడ్డ, పరీక్షలో ఆ తండ్రికి కుమారుడు కాదని వచ్చింది. ఆసుపత్రిలో పొరపాటు జరిగిందని వారు భావించారు. లోతుగా పరీక్షించగా, ఆయన ఆ బిడ్డకు పినతండ్రి వరుస అవుతాడని తేలింది! అసలు కారణమేమిటంటే, ఆయన తన తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఒక కవల పిండం ఆయనలో కలిసిపోయింది. ఆయన నోటి నమూనాలో ఒక డీఎన్ఏ, వీర్యంలో కొంత భాగంలో మరొక డీఎన్ఏ ఉన్నాయి. ఇటువంటివి అత్యంత అరుదు. అయినప్పటికీ నోటి నుండి దూదిపుల్లతో తీసిన నమూనాయే మనిషి సర్వస్వం కాదని ఇవి గుర్తుచేస్తాయి.

మేనరికాల ఇళ్ళలో

మన ఇళ్ళలో మేనమామ, మేనత్త పిల్లల మధ్యనే కాక పెదనాన్న, చిన్నాన్న పిల్లల మధ్య కూడా వివాహాలు జరుగుతాయి. ఇవి ధర్మసమ్మతమే. అయితే పరీక్ష ఫలితాన్ని చదివేటప్పుడు ఈ సంగతిని మరువరాదు. అన్నదమ్ముల లేక అక్కాతమ్ముళ్ళ పిల్లలలో సగటున ఎనిమిదో వంతు జన్యు సంపద ఉమ్మడిగా ఉంటుంది. భార్యాభర్తలు అటువంటి దగ్గరివారైనప్పుడు, తల్లి నమూనా లేకుండా పరీక్షిస్తే, బిడ్డలో కనిపించిన పోలిక తండ్రి వైపు నుండి వచ్చిందో, తల్లి వైపు నుండి వచ్చిందో గందరగోళమవుతుంది.

నా వద్దకు వచ్చిన సోదరుల విషయంలో జరిగింది ఇదే. మరణించిన వ్యక్తి తన మేనమామ కుమార్తెను పెళ్ళాడాడు. తండ్రి లేడు. పరీక్షలో పినతండ్రి నమూనా, బిడ్డ నమూనా మాత్రమే ఉన్నాయి, తల్లి నమూనా లేదు. పినతండ్రికీ, అన్న బిడ్డకూ మధ్య నిజమైన బంధుత్వమున్నప్పటికీ, సగటున సగం స్థానాలలో తండ్రి వైపు నుండి ఉమ్మడిగా వచ్చినది ఏదీ ఉండదు. ఏ కుటుంబంలో ఎంత కలుస్తుందన్నది అల్లాహ్ నిర్ణయం. కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. కాబట్టి పదిహేను, ఇరవై స్థానాల పరీక్షలో ఆ బంధం తేలకపోవడం వింతేమీ కాదు. ఒకవేళ బాగా సరిపోయి ఉన్నా, అందులో కొంత తల్లి వైపు బంధుత్వం వల్ల వచ్చినదై ఉండేది. ఆ నివేదిక ఎటు తిరిగినా సాక్ష్యంగా నిలవదు.

నా పూర్వ విద్యార్థి ఇంకొక సంగతి చెప్పాడు. ఆడబిడ్డకు తండ్రి నుండి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్, ఆ తండ్రికి తన తల్లి నుండి మాత్రమే వచ్చింది. అంటే ఈ బాలిక విషయంలో పినతండ్రి కన్నా నాయనమ్మ నమూనా ఎన్నో రెట్లు స్పష్టంగా మాట్లాడగలదు. ఆ నాయనమ్మ జీవించే ఉంది, అదే ఇంట్లో ఉంది. ఆమెను ఎవరూ సంప్రదించలేదు.

షరీఅత్ ఏమంటుంది?

ఇస్లాం పోలికలను నిరాకరించలేదు. ముజజ్జిజ్ అనే పాదముద్రల నిపుణుడు, దుప్పటి కప్పుకుని నిద్రిస్తున్న హజ్రత్ జైద్, ఆయన కుమారుడు హజ్రత్ ఉసామా (రజి)ల పాదాలను మాత్రమే చూసి, అవి ఒకదాని నుండి మరొకటి వచ్చినవని చెప్పినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఎంతో సంతోషించారు. తండ్రీకొడుకుల మేని రంగుల్లోని తేడాను చూసి గుసగుసలాడేవారి నోళ్ళు దానితో మూతపడ్డాయి. అంటే పోలిక నసబ్‌ను బలపరిచే సాక్ష్యంగా స్వీకరించబడింది.

మరొకసారి ఒక పల్లెవాసి తన భార్య నల్లని బిడ్డను కన్నదని అనుమానంతో వచ్చాడు. దైవప్రవక్త (స) అతని ఒంటెల గురించి అడిగారు. ఎర్రని ఒంటెల మందలో బూడిద రంగు ఒంటెలు ఎలా పుట్టాయని ప్రశ్నించారు. పూర్వీకుల పోలిక వచ్చి ఉంటుందని అతడే ఒప్పుకున్నాడు. నీ బిడ్డ విషయంలోనూ అంతే కావచ్చని చెప్పి, అనుమానంతో బిడ్డను కాదనేందుకు ఆయన అనుమతించలేదు.

హజ్రత్ సాద్ బిన్ అబీ వఖాస్, హజ్రత్ అబ్ద్ బిన్ జమ్ఆ (రజి)ల వివాదం మరింత సూక్ష్మమైనది. ఒక బాలుడు తన సోదరుడైన ఉత్బా కుమారుడని సాద్ అన్నారు. తన తండ్రి ఇంట పుట్టిన తన తమ్ముడని అబ్ద్ అన్నారు. బాలునిలో ఉత్బా పోలిక స్పష్టంగా కనిపించింది. అయినప్పటికీ దైవప్రవక్త (స) ఆ బిడ్డ ఎవరి పడకపై జన్మించాడో వారికే చెందుతాడని తీర్పు ఇచ్చారు. అదే సమయంలో ముందుజాగ్రత్తగా, ఆ బాలుని ముందు పరదా పాటించమని హజ్రత్ సౌదా (రజి)ను ఆదేశించారు. పోలికను గమనించారు. కానీ దానితో స్థిరపడిన నసబ్‌ను తెంచలేదు.

ఈ మూడు ఘటనలను కలిపి చదివితే సూత్రం బోధపడుతుంది. చక్కని నికాహ్‌లో పుట్టిన బిడ్డ నసబ్ స్థిరమైనది. దానిని కాదనే హక్కు భర్తకు మాత్రమే ఉంది. అదీ లిఆన్ అనే కఠినమైన ప్రమాణాల ద్వారా, సకాలంలో. బిడ్డను తనదిగా స్వీకరించిన తరువాత అతనికీ ఆ హక్కు ఉండదు. సోదరులకు, దాయాదులకు ఏనాడూ లేదు. పైగా శీలవతిపై సాక్షులు లేకుండా నింద మోపడాన్ని దివ్య ఖుర్ఆన్ ఎంత ఘోరమైన నేరంగా పరిగణించిందో నూర్ సూరా చదివినవారికి తెలుసు.

మక్కాలోని రాబితా ఆలమె ఇస్లామీకి చెందిన ఫిఖ్‌హ్ మండలి 2002 జనవరిలో జరిపిన తన 16వ సమావేశంలో ఈ విషయంపై తీర్మానం చేసింది. దాని సారాంశం: స్థిరపడిన నసబ్‌ను త్రోసిపుచ్చడానికీ, లిఆన్‌కు బదులుగానూ, నసబ్ సరైనదో కాదో తనిఖీ చేయడానికీ ఈ పరీక్షను వాడరాదు. వంశం తెలియని బిడ్డ గురించి వివాదం వచ్చినా, ఆసుపత్రిలో శిశువులు తారుమారైనా, ప్రమాదాలలో, యుద్ధాలలో పిల్లలు తప్పిపోయినా ఉపయోగించవచ్చు.

మన దేశ చట్టం కూడా చాలావరకు ఇదే బాటలో నడుస్తోంది. చెల్లుబాటయ్యే వివాహం కొనసాగుతుండగా గానీ, వివాహం ముగిసి తల్లి మరల పెళ్ళాడకుండా ఉండగా 280 రోజులలోపు గానీ పుట్టిన బిడ్డను ఆ భర్త బిడ్డగానే పరిగణించాలని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షను చెప్పింది. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమ్ 116వ సెక్షనుగా ఉంది. ఇటువంటి పరీక్షలను అడిగిందే తడవుగా ఆదేశించరాదని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. 2014లో ఒక కేసులో, వివాదం లేని శాస్త్రీయ నివేదిక ఉన్నప్పుడు చట్టపు ఊహ కన్నా దానికే విలువ ఇచ్చింది. అయినా దంపతుల తగాదాలో పిల్లలను పావులుగా చేసి యథాలాపంగా పరీక్షలకు పంపరాదని 2023లో మరల హెచ్చరించింది.

ఇరవై నాలుగు భాగాలు

మరుసటి వారం నేను ఆ ఇంటికి వెళ్ళాను. ఒక కాగితంపై ఆస్తిని 24 భాగాలుగా వ్రాసి ఆ సోదరుల ముందుంచాను. కుమార్తెకు సగం, అనగా 12. భార్యకు ఎనిమిదో వంతు, 3. తల్లికి ఆరో వంతు, 4. మిగిలిన 5 భాగాలు సోదరులిద్దరికీ. ఆ బిడ్డ లేదని చెబితే భార్యకు 6, తల్లికి 4, సోదరులకు 14. "ఐదుకూ పద్నాలుగుకూ మధ్యనున్న తొమ్మిది భాగాల కోసం మీరు కాదంటున్నది ఆ బిడ్డను మాత్రమే కాదు. మీ అన్న ఇల్లాలిపై మీరు మోపుతున్న నింద ఏమిటో ఆలోచించండి. అనాథల సొమ్ము తినేవారు కడుపులో అగ్నిని నింపుకుంటున్నారని ఖుర్ఆన్ హెచ్చరించింది" అన్నాను.

చిన్నవాడు తల వంచుకున్నాడు. పెద్దవాడు, "అలా అనుకోలేదు హజ్రత్. కాగితంలో ఉంది కదా అనుకున్నాం" అన్నాడు. అంతవరకు మౌనంగా ఉన్న వారి తల్లి అప్పుడు నోరు విప్పింది. "ఈ పిల్ల అఖీఖాకు మేకను తెచ్చింది వాడే, చెవిలో అజాన్ చెప్పింది వాడే. నా కొడుకు తన బిడ్డ అన్నాక, వాడు పోయిన తరువాత కాదనడానికి మీరెవరు?" అన్నది. ఫిఖ్‌హ్ గ్రంథాలలో నేను చదివిన సూత్రమే అది. ఆమె దానిని తన ఇంటి మాటలలో చెప్పింది.

పంపకం షరీఅత్ ప్రకారమే జరిగింది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ తొమ్మిదేళ్ళ ఆ బాలిక ఆ రోజంతా వాకిలి పక్కనే నిలబడి ఉంది. పెద్దలు ఏమి మాట్లాడుకున్నారో ఆమెకు అర్థమయ్యే ఉంటుంది. భూమి పత్రాలను సరిదిద్దాం. ఆ పసి మనసులో పడిన మాటను ఎలా తీసివేయాలో నాకు ఈనాటికీ తెలియదు.

అందుచేత పాఠకులకు నా విన్నపం ఇది. అనుమానంతో రహస్యంగా పిల్లల నమూనాలు పంపకండి. స్థిరంగా ఉన్న నసబ్‌ను తవ్వకండి. తప్పిపోయిన బిడ్డ దొరికినప్పుడో, ఆసుపత్రిలో తారుమారు జరిగినప్పుడో, న్యాయస్థానం ఆదేశించినప్పుడో పరీక్ష నిజంగా అవసరమైతే, కుటుంబంలోని బంధుత్వాలన్నింటినీ, మేనరికంతో సహా, ప్రయోగశాలకు ముందే తెలియజేయండి. తల్లి నమూనా తప్పక ఇవ్వండి. సందేహం దగ్గరి బంధువుల మధ్య ఉంటే అందరి నమూనాలూ ఇచ్చి, మరిన్ని స్థానాలను పరీక్షించమని కోరండి. నమూనాలు సాక్షుల సమక్షంలో తీయించండి. నివేదిక చేతికి వచ్చాక దాని చివరి వాక్యాన్ని తెలిసినవారి చేత చదివించుకోండి. "నిర్ధారించలేము" అని ఉన్నచోట "లేదు" అని చదవకండి.

అల్లాహ్ మన ఇళ్ళను దుష్ట అనుమానాల నుండి కాపాడుగాక. అనాథల హక్కులను వారికి చేర్చే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.